నీలగిరి చెట్టు పువ్వులు మన వైపు ఎవరైనా చూశారా? ఎప్పుడు, ఎలా వెతకాలి?

అలిపిరి_అమ్ములు
మా పాప ఏడో తరగతి. వేసవి నుంచి మన చుట్టూ ఉండే చెట్ల పువ్వులు ఆరబెట్టి నోట్‌బుక్కులో అంటిస్తోంది. వేప, కానుగ, తురాయి, పొగడ, ఆకాశమల్లె అన్నీ అయ్యాయి. నీలగిరి పేజీ మాత్రం ఖాళీగా ఉంది. ఎవర్ని అడిగినా "దానికి పువ్వులెక్కడివి" అంటున్నారు. ఒక నర్సరీ ఆయన ఇంకో అడుగు ముందుకేసి, ఇప్పుడొచ్చేవన్నీ కటింగ్ మొక్కలు, అవి పూయవు పొమ్మన్నాడు. పాప ముఖం చిన్నబోయింది. మా అమ్మావాళ్ల ఊరు పలమనేరు పక్కన. అక్కడ తోపుకు తోపే ఉంది, చిన్నప్పటి నుంచి ఆ నీడలో తిరిగినదాన్ని, పైన ఏం పూస్తోందో ఎవరూ చూపించలేదు. ఏ నెలలో పూస్తుంది, కింద నిలబడి ఎలా గుర్తుపట్టాలి, కొమ్మ నరక్కుండా ఎలా సంపాదించాలి? చూసినవాళ్లే చెప్పండి. విన్నమాటలు వద్దు.

కుప్పం_రైతుబిడ్డ
పూస్తుందక్కా, బ్రహ్మాండంగా పూస్తుంది. మా గట్టు మీద వరుసగా ఉన్నాయి. తెల్లటి పువ్వులు. కంటికి కనబడకముందే చెవికి తెలుస్తుంది. పొద్దున ఎనిమిది తొమ్మిదికి చెట్టు కింద నిలబడితే పైనంతా గుయ్యిమని తేనెటీగల మోత.

బస్టాండ్_బాషా
నాకు ఆకు తెలుసు, నూనె తెలుసు, జలుబు చేస్తే ఆవిరి పట్టడం తెలుసు. పువ్వు సంగతి ఇప్పుడే వింటున్నా. ఫాలో అవుతున్నా.

సెల్ఫీ_సురేష్
ఇందులో కష్టమేముంది? బైపాస్ పక్కన నిండా పూసి ఉంది, నిన్ననే తీశా. ఫొటో పెట్టాను చూడండి. పసుపు రంగు, చిన్న చిన్న కంకులు.

ఆకు_అలము
సురేష్ గారూ, మీ ఫొటోలోది నీలగిరి కాదు. ఆస్ట్రేలియా నుంచే వచ్చిన తుమ్మ జాతి చెట్టు, అకేషియా. కొడవలిలా వంగిన ఆకు ఉంటుంది కాబట్టి రెండింటినీ ఒకటే అనుకునేవాళ్లు చాలామంది. తేడా తేల్చడం సులువు. ఆకు ఒకటి తెంపి నలిపి వాసన చూడండి. నీలగిరి అయితే చెప్పక్కర్లేదు, ఘాటు ముక్కుకు తగులుతుంది. తుమ్మకు ఆ వాసన రాదు. ఇంకోటి, ఆ చెట్టు కింద మెలికలు తిరిగిన కాయలు పడి ఉంటాయి. నీలగిరి కాయ గుండ్రంగా, గట్టిగా, చెక్కతో చేసినట్టు చిన్నగా ఉంటుంది.

సెల్ఫీ_సురేష్
కాయలు మెలికలే మేడమ్. మరి నీలగిరి పువ్వు ఎర్రగా బ్రష్‌లా ఉంటుందని మా బావ అంటాడు?

ఆకు_అలము
అది బాటిల్ బ్రష్. పార్కుల్లో, ఆఫీసుల ముందు నాటతారు. నీలగిరికి చుట్టమే, కానీ వేరే చెట్టు.

కుప్పం_రైతుబిడ్డ
బావకు కూడా లింక్ పంపన్నా 😄

ఆకు_అలము
అమ్ములు గారి కోసం కాస్త వివరంగా రాస్తాను. కాలేజీలో పిల్లలకు ఈ పువ్వు చూపించడం నాకు చాలా ఇష్టమైన పాఠం.

నీలగిరి పువ్వు కనబడకపోవడానికి అసలు కారణం, మనం రేకుల కోసం వెతకడం. దానికి విడివిడి రేకులు ఉండవు. రేకులూ, రక్షకపత్రాలూ కలిసిపోయి మొగ్గ మీద ఒక మూత అవుతాయి. శాస్త్రంలో ఆపర్క్యులమ్ అంటారు. మొగ్గ చేతిలోకి తీసుకుంటే రెండు భాగాలు స్పష్టంగా తెలుస్తాయి. కింద ఆకుపచ్చ గిన్నె, పైన మొనదేలిన మూత, రెండింటి మధ్య సన్నటి గీత. కుంకుమ భరిణె మూతలాగా ఆ గీత దగ్గరే విడిపోతుంది. పూసే రోజు మూత మొత్తం ఊడి కింద పడుతుంది. లోపల చుట్ట చుట్టుకుని ఉన్న కేసరాలు ఒక్కసారిగా విచ్చుకుంటాయి. మనకు తెల్లగా కనిపించే పువ్వంటే ఆ కేసరాల గుంపే. మధ్యలో ఒక కీలం, అంటే పుప్పొడి అందుకునే ఆడభాగం కాడ, గిన్నె అడుగున మకరందం.

మన చిత్తూరు జిల్లాలో ఎక్కువగా ఉండేది మైసూర్ హైబ్రిడ్ అని పిలిచే రకం, అంటే యూకలిప్టస్ టెరెటికార్నిస్. దీని మూత గిన్నె కంటే బాగా పొడుగు, కొమ్ములా ఉంటుంది. కమాల్డ్యులెన్సిస్ అనే రకమైతే మూత గుండ్రంగా ఉండి చివర చిన్న ముక్కు ఉంటుంది. రెండింట్లోనూ మొగ్గలు గుత్తిగా వస్తాయి, ఒక్కో గుత్తిలో ఏడు, కొన్నిసార్లు అంతకు మించి. విచ్చిన పువ్వు వెడల్పు అంగుళం లోపే.

జామ, నేరేడు, లవంగం, నీలగిరి అన్నీ ఒకే కుటుంబం, మిర్టేసీ. జామపువ్వులో గుత్తిగా ఉండే తెల్ల కేసరాలు గుర్తు తెచ్చుకోండి. నీలగిరి పువ్వులో ఉండేవీ అలాంటివే. నేరేడు పువ్వు విచ్చేటప్పుడు కూడా రేకులన్నీ అతుక్కునే రాలిపోతాయి. ఇక లవంగం అంటే విచ్చకముందే కోసి ఎండబెట్టిన మొగ్గ. పాపకు ఈ రాత్రే చూపించండి. ఒక లవంగాన్ని వేడినీళ్లలో నానబెట్టి, పైనున్న గుండును గోటితో మెల్లగా ఎత్తండి. మూత ఊడుతుంది, లోపల ముడుచుకున్న కేసరాలు కనిపిస్తాయి. నీలగిరి మొగ్గలో జరిగేది కూడా అదే.

బస్టాండ్_బాషా
బిర్యానీలో వేసేది పువ్వు మొగ్గా! మేడమ్, ఇన్నేళ్లూ ఎవరూ చెప్పలేదు.

అలిపిరి_అమ్ములు
ఇప్పుడే చేశాం మేడమ్. గుండు ఊడింది. లోపల చీమ కాళ్లంత సన్నగా ఉన్నాయి, పాప భూతద్దం పెట్టి చూస్తోంది, అన్నానికి పిలిస్తే లేవట్లేదు. కటింగ్ మొక్క పూయదన్నది నిజమేనా మరి?

ఆకు_అలము
నిజం కాదు. కటింగ్ నుంచి వచ్చిన మొక్క తల్లి చెట్టుకు నకలు. తల్లి పూసేదైతే ఇదీ పూస్తుంది. అయితే కాగితం కోసం వేసే తోటల్ని నాలుగైదేళ్లకే కొట్టేస్తారు. మోడు నుంచి వచ్చే చిగుళ్లు కొత్తలో పూయవు. అందుకే ఆ నర్సరీ ఆయనకు పూత కంటపడి ఉండదు.

చంద్రగిరి_కోటగోడ
మేడమ్ చెప్పిన మూత సంగతే నేను వెతికే పద్ధతి. తల పైకెత్తి వెతకొద్దు, నేల చూడండి. పూత వచ్చిన చెట్టు కింద మొనదేలిన చిన్న మూతలు రాలి ఉంటాయి, గోధుమరంగులోనో లేత పసుపులోనో. వాటి పక్కనే తెల్లటి సన్నని దారాల్లాంటివి పడి ఉంటే అవి కేసరాలు. రెండూ కనబడితే పైన పువ్వు ఉన్నట్టే. ఉత్త కాయలే ఉంటే అది పాత పూత. కాయ చెట్టుకే చాలాకాలం వేలాడుతుంది కాబట్టి దాన్ని నమ్మి నిలబడితే మెడ నొప్పి తప్ప ఏమీ రాదు.

చెట్టు ఎంచుకోవడంలో కూడా కిటుకు ఉంది. తోపు నడిమధ్యకు వెళ్లొద్దు. లోపల చెట్లు ఎండ కోసం పోటీపడి పైకి పోతాయి, కింది కొమ్మలు ఎండిపోతాయి, పూత ఎక్కడో నలభై యాభై అడుగుల పైన. తోపు అంచున ఉన్నవీ, గట్టు మీద ఒంటరిగా ఉన్నవీ చూడండి. వాటికి ఎండ పక్క నుంచి కూడా తగులుతుంది కాబట్టి కింది కొమ్మలు బతికే ఉంటాయి. పూత ఎప్పుడూ ఆ ఏడాది వచ్చిన లేత కొమ్మ మీద, ఆకు మొదట్లో వస్తుంది. లావు కొమ్మల మీద వెతక్కండి.

కుప్పం_రైతుబిడ్డ
కోటగోడ అన్న చెప్పింది నూటికి నూరు శాతం కరెక్ట్. అక్కా, ఇప్పుడు కార్తీకం కదా, మంచి టైం. వానలు వెనకపడ్డాక పూస్తుంది.

మదనపల్లె_మామిడి
లేదు బ్రదర్. మా దగ్గర ఎండాకాలంలో పూస్తుంది. మామిడి కోతలకు పోయినప్పుడు చూశాను, పక్క తోటలో నీలగిరి తెల్లగా ఉంది. కార్తీకం అంటే నేను ఒప్పుకోను.

కుప్పం_రైతుబిడ్డ
ఒప్పుకోకపోతే ఆదివారం మా ఊరికి రా అన్నా, చూపిస్తా. టిఫిన్ కూడా పెడతా.

తేనెపెట్టెల_తాత
ఇద్దరూ కొట్టుకోకండి, ఇద్దరిదీ నిజమే. నేను తేనె పెట్టెలు పెట్టుకుని పూత ఎక్కడుంటే అక్కడికి తిరిగేవాణ్ణి. వి.కోట, కుప్పం, అటు కోలారు సరిహద్దు దాకా నాకు తెలిసిన తోపులు ఉన్నాయి. నీలగిరి ఏడాదిలో రెండు విడతలు పూయడం చూశాను, వానల తర్వాత ఒకటి, ఎండల్లో ఒకటి. ఊరూరికీ తేడా ఉంటుంది. వాన ముందు పడితే పూత కూడా జరుగుతుంది.

ఇంకో ముఖ్యమైన విషయం ఎవరూ చెప్పలేదు. విత్తనం నుంచి పెంచిన పాత తోపుల్లో ప్రతి చెట్టూ వేరు. ఒకటి పూస్తుంటే పక్కది మొగ్గ మీద ఉంటుంది, ఇంకోటి కాయ మీద ఉంటుంది. అందుకే ఒక చెట్టు చూసి లేదని వెనక్కి రావొద్దు, వరుస మొత్తం నడవండి. కటింగ్ మొక్కలతో వేసిన క్లోన్ తోటలు అలా కాదు, అన్నీ ఒకే తల్లి బిడ్డలు, పూస్తే దాదాపు అన్నీ కలిసే పూస్తాయి. తేనె పెట్టేవాడికి అదీ లాభమే. కాకపోతే పూత బాగా అందుకునే వయసుకు చెట్టు లారీ ఎక్కేస్తుంది.

మొగ్గ నెలల తరబడి ఆకుపచ్చగా అలాగే ఉంటుంది. మూత రంగు పసుపుకు తిరిగిందంటే దగ్గరపడిందని లెక్క. ఆకుపచ్చ మొగ్గ చూసి రోజూ పోయి నిలబడితే ఓపిక పోతుంది.

బస్టాండ్_బాషా
తాతా, ఆ తేనె జండూబామ్ వాసన వస్తుందా?

తేనెపెట్టెల_తాత
రాదు నాయనా. ఆ ఘాటు నూనె ఆకులో ఉంటుంది. పువ్వు వాసన వేరే, తియ్యగా ఉంటుంది. తేనె కాస్త ముదురు రంగు, రుచిలో ఒక ప్రత్యేకత ఉంటుంది, నాలుక అలవాటు పడితే కళ్లు మూసుకుని చెప్పొచ్చు. నీలగిరి నూనె కలిపి "యూకలిప్టస్ హనీ" అని అమ్మేవాళ్లను నమ్మకండి.

పుంగనూరు_పాడిఆవు
అందరూ పువ్వు, తేనె అని మురిసిపోతున్నారు. మా సంగతి కూడా వినండి. మా పొలం చుట్టూ మూడు పక్కలా నీలగిరి వేశారు. గట్టు పక్క నాలుగైదు సాళ్లలో వేరుశనగ ఎదగదు. బోరు మునుపటిలా లేదు. కర్ణాటకలో 2017లో కొత్తగా నీలగిరి నాటడం ఊరికే నిషేధించలేదు. కోలారు వాళ్లకు జరిగిందే మనకు జరుగుతోంది. పిల్లలకు పువ్వు చూపించండి, తప్పులేదు. ఈ మాట కూడా చెప్పండి.

కుప్పం_రైతుబిడ్డ
అన్నా, నీ బాధ నాకు అర్థమవుతుంది. కానీ మా నాన్న చేతగాక మంచాన పడ్డ ఏళ్లలో కూలీలు దొరక్క పైరు పెట్టలేకపోయాం. అప్పుడు ఇంట్లోకి నాలుగు డబ్బులు వచ్చింది ఆ చెట్ల వల్లే. నీళ్లు పెట్టే పని లేదు, మేకలు ముట్టవు. బోర్లు ఎండడానికి వెయ్యి అడుగులు తవ్వి టమోటాకు తోడిన మనం కూడా కారణమే కదా.

పుంగనూరు_పాడిఆవు
టమోటా తోడింది నేను ఒప్పుకుంటా. కానీ పక్కవాడి చెట్టు వేరు నా పొలంలోకి వస్తే నేనేం చేయాలి? గట్టు నుంచి ఇన్ని అడుగులు వదిలి నాటాలని ఊళ్లో మాట ఉండాలి కదా.

కుప్పం_రైతుబిడ్డ
అది మాత్రం న్యాయమైన మాట. మేం కందకం తీశాం, వేరు దాటకుండా.

వేదిక_పెద్ద
ఈ చర్చ కూడా అవసరమే. నీళ్ల విషయానికి "పొలం గట్లు" విభాగంలో వేరే చర్చ తెరిచాను, అక్కడ కొనసాగించండి. ఇక్కడ పువ్వుల గురించి మాట్లాడుకుందాం.

హార్స్లీ_మంచు
నీలగిరి అంటే మన వైపు ముందు చెప్పుకోవలసింది హార్స్లీ హిల్స్‌లో ఉన్న పెద్ద చెట్టు. పేరు కల్యాణి. 1859లో నాటింది. 1995లో మహావృక్ష పురస్కారం వచ్చింది. ఇప్పుడు ఆ కొండ చిత్తూరు జిల్లాలో లేదు కానీ, ఏనుగు మల్లమ్మ కొండ మనదే అనుకుంటాం మేం. దాని మొదట్లో నిలబడి పైకి చూస్తే ఆకులు చుక్కల్లా కనిపిస్తాయి. పువ్వు చూడాలంటే మాత్రం దాన్ని నమ్ముకోవద్దు, బైనాక్యులర్స్ ఉన్నా కష్టమే. కొండ దారిలో రోడ్డుకు కింది పక్క ఉన్న చెట్లు చూడండి. మనం పైన రోడ్డు మీద ఉంటాం, చెట్టు తల మన కళ్ల ఎత్తులో ఉంటుంది. నేను పువ్వును దగ్గర నుంచి చూసింది అలాగే. పిట్టగోడ దగ్గర నిలబడి ఫోన్‌లో జూమ్ చేస్తే చాలు. తేనెపిట్టలు కూడా వస్తాయి.

చంద్రగిరి_కోటగోడ
ఈ ఐడియా అదిరింది. ఘాట్ రోడ్డు ఎక్కడున్నా పనికొస్తుంది.

సెల్ఫీ_సురేష్
మరి ఊటీలో ఉండేవీ ఇవేనా? పోయినసారి చెట్టు కింద గోలీకాయ అంత కాయలు ఏరుకొచ్చాను, పైన ప్లస్ గుర్తులా ఉంది.

ఆకు_అలము
అది వేరే జాతి, గ్లోబులస్. నీలగిరి కొండల్లో 1843లో నాటడం మొదలైంది. మనం కొనే నీలగిరి తైలం ఎక్కువగా దాని ఆకు నుంచే తీస్తారు. దాని మొగ్గ గుత్తిగా రాదు, ఆకు మొదట్లో ఒంటరిగా ఉంటుంది. పెద్దది, బూడిద పూసినట్టు నీలి తెలుపు, పైన గరుకుగా బుడిపెలు, నాలుగు పలకలు. పువ్వు కూడా పెద్దదే. చల్లటి కొండ చెట్టు అది, మన ఎండలకు తట్టుకోదు. యూకలిప్టస్‌లో ఏడు వందలకు పైగా జాతులున్నాయి, దాదాపు అన్నీ ఆస్ట్రేలియావే. మన దక్షిణాదికి మొదట తెప్పించింది టిప్పు సుల్తాన్ అనీ, 1790 ప్రాంతంలో కర్ణాటకలోని నందికొండ (నంది హిల్స్) మీద నాటించాడనీ చెబుతారు. నందికొండ మదనపల్లె వాళ్లకు దూరమేం కాదు.

మీకు కనిపించిన ప్లస్ గుర్తు, కాయ విచ్చే గీతలు. కాయ ఎండాక అక్కడే నోళ్లు తెరుచుకుని గింజలు రాలతాయి.

అలిపిరి_అమ్ములు
అందరికీ చెప్పాలి. దొరికింది!!

శనివారం అమ్మావాళ్ల ఊరికి పోయాం. కోటగోడ గారు చెప్పినట్టు తోపు లోపలికి పోకుండా రోడ్డు అంచు వరుస పట్టుకుని నేల చూస్తూ నడిచాం. మొదటి చెట్ల కింద పాత కాయలే. వరుస సగం దాటాక పాప కూర్చుండిపోయింది. మట్టిలో మూతలు! మొనదేలి, లోపల డొల్లగా, పాప వాటిని చిటికెన వేలి గోటి మీద నిలబెట్టుకుంది. పైన తేనెటీగల మోత. మా మేనమామ గడకర్రతో కొమ్మను మెల్లగా వంచి పట్టుకున్నాడు, ఒక్క రెమ్మ తెంపుకున్నాం అంతే.

ఒకే రెమ్మ మీద మూడు దశలూ ఉన్నాయి. చివర ఆకుపచ్చ మొగ్గలు, మధ్యలో పసుపు తిరిగినవి, వెనక విచ్చిన పువ్వులు. ఒక మొగ్గ మూత సగం లేచి పక్కకు వాలి ఉంది, కింద నుంచి తెల్లటి కేసరాలు దాన్ని తోస్తున్నాయి. పాప వేలు తగలగానే మూత ఊడి అరచేతిలో పడింది. కేసరాలు వెంటనే నిటారుగా రాలేదు, ముడతలు ముడతలుగా ఉన్నాయి. ఇంటికి వచ్చి నీళ్ల గ్లాసులో పెడితే సాయంత్రానికి చుట్టూ గుండ్రంగా విచ్చుకున్నాయి. మధ్యలో ఆకుపచ్చ కీలం ఒక్కటే నిలబడి ఉంది. గిన్నెలో తడి మెరుస్తోంది, వేలు పెట్టి నాకితే తీపి. కేసరాల కొసన పుప్పొడి లేత పసుపు, ముక్కుకు అంటుకుంటే రుద్దినా పోలేదు.

మా అమ్మ డెబ్బై ఏళ్ల మనిషి, ఆ తోపు పక్కనే కాపురం చేసింది. పువ్వు చేతిలో పెట్టుకుని "ఇంత ముద్దుగా ఉందా ఇది" అంటూ చాలాసేపు చూసింది.

కుప్పం_రైతుబిడ్డ
కార్తీకం అన్నానా లేదా! చాలా సంతోషం అక్కా.

మదనపల్లె_మామిడి
ఎండాకాలంలో మా వైపు ఫొటో పెడతా, అప్పుడు మాట్లాడుకుందాం. అక్కా, మీ పోస్టు చదువుతుంటే వెంటనే పోయి చూడాలనిపిస్తోంది.

ఆకు_అలము
ఎంత బాగా చూశారమ్మా. గిన్నెలో తడి అన్నారు చూడండి, తేనెటీగలు వచ్చేది దాని కోసమే. పాపను ఇంకోటి కూడా గమనించమనండి. పువ్వు విచ్చిన మొదటి రోజుల్లో పుప్పొడి రాలుతుంది. కీలం కొన పుప్పొడి అందుకోవడానికి సిద్ధమయ్యేది ఆ తర్వాత. తన పుప్పొడి తన మీదే పడకుండా చాలావరకు అది కాపాడుతుంది. గ్లాసులో పువ్వు ఉన్నన్ని రోజులు కీలం కొన భూతద్దంతో చూస్తే తేమగా మారడం కనిపించవచ్చు.

అలిపిరి_అమ్ములు
మేడమ్, నోట్‌బుక్కులో అంటించేటప్పుడు కేసరాలు రాలిపోతున్నాయి. ఏం చేయాలి?

ఆకు_అలము
పూర్తిగా విచ్చిన పువ్వును నొక్కితే రాలడం ఖాయం. అప్పుడే మూత ఊడిన పువ్వు ఎంచుకోండి. రెమ్మను రెండు న్యూస్ పేపర్ల మధ్య పెట్టి పైన బరువు పెట్టండి. మొదటి రెండు మూడు రోజులు రోజూ కాగితం మార్చాలి, నీలగిరి ఆకులో నూనె ఉంటుంది, మరక పడుతుంది. ఒక మొగ్గను బ్లేడుతో నిలువునా చీల్చి అది కూడా పక్కన అంటించండి. మూతలు, కాయలు నొక్కొద్దు. చిన్న కాగితం పొట్లంలో వేసి పేజీకి అతికించండి. తేదీ, ఊరి పేరు తప్పకుండా రాయించండి. అవి లేకపోతే ఎన్ని పువ్వులు అంటించినా తర్వాత పనికిరావు.

హార్స్లీ_మంచు
నిమ్మవాసన వచ్చే రకం కూడా ఉంది కదా మేడమ్? తెల్లటి నున్నటి మాను, ఆకు నలిపితే నిమ్మకాయ. దాని పువ్వు కూడా ఇలాగేనా?

ఆకు_అలము
అవును, మూత ఊడటం అంతా ఇలాగే. గుత్తులు మాత్రం కొమ్మ చివర గుంపుగా వస్తాయి, చూడటం ఇంకా సులువు. దాన్ని 1995లో యూకలిప్టస్ నుంచి విడదీసి కొరింబియా అనే ప్రజాతిలో పెట్టారు. నర్సరీల్లో ఇప్పటికీ పాత పేరే నడుస్తోంది. ఎర్రటి పువ్వులు పూసే ఒక జాతి కూడా ఆ ప్రజాతిలోదే.

సెల్ఫీ_సురేష్
అయితే మా బావ ఎరుపు అన్నది పూర్తిగా తప్పు కాదు 😄

తేనెపెట్టెల_తాత
పిల్లల్ని తీసుకుపోయేవాళ్లకు ఒక మాట. ముందు చెట్టు మీద కొండ తేనెటీగల పట్టు ఉందేమో చూసుకోండి. పెద్ద ఈగ, కొమ్మకు నల్లగా వేలాడుతుంది. ఉంటే ఆ చెట్టు వదిలేసి పక్కకు పోండి. గడకర్ర తగిలిందంటే ఊరంతా తరుముతుంది. సెంటు పూసుకోవద్దు, నల్ల బట్టలు వద్దు. పొద్దున పది లోపల పోయి రండి.

బస్టాండ్_బాషా
తాతా, మీ పెట్టెలు ఇప్పుడెక్కడ? మా పిల్లలకు కూడా చూపించాలని ఉంది.

తేనెపెట్టెల_తాత
ఇప్పుడు పెట్టెలు మా అబ్బాయి చూస్తున్నాడు. వి.కోట దాటాక ఒక తోపు అంచున పెట్టాడు. అక్కడ పూత అయ్యేదాకా ఉంటాయి. వచ్చే ముందు ఇక్కడే మెసేజ్ పెట్టు, దారి చెబుతా. పొగ పెట్టి పెట్టె తెరిచి చూపించమని వాడికి చెప్పి ఉంచుతాను. పిల్లలకు నిండు చేతుల చొక్కాలు వేసి తీసుకురా.